రాజమండ్రిలో వంశం వెతికిపెట్టే పెద్దాయన: ఎనిమిది నెలల మా అనుభవం

పోయిన ఏడాది సంక్రాంతికి అందరం ఊళ్ళో కలిసినప్పుడు మా అన్నయ్య మనవడు ఒక చార్టు పట్టుకొచ్చాడు. స్కూల్లో ఫ్యామిలీ ట్రీ గీసుకు రమ్మన్నారట. చెప్పడానికి మా నాన్నగారే కూర్చున్నారు. మా తాత పేరు, ముత్తాత పేరు, ముత్తాత వాళ్ళ నాన్న పేరు గడగడా చెప్పారు. ఆ పై గడి దగ్గర ఆగిపోయారు. "తద్దినంలో మూడు తరాలే కదమ్మా చెప్పేది. ఆ పైవాళ్ళెవరో మా నాన్నని అడగాలని ఎప్పుడూ తోచలేదు" అన్నారు. పిల్లాడు ఆ గడిలో ఏం రాయాలో తెలీక పెన్ను పట్టుకుని ఆయన మొహం వైపే చూస్తున్నాడు. ఆ సాయంత్రమంతా నాన్నగారు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఆ గడి నిండడానికి ఎనిమిది నెలలు పట్టింది. నింపింది రాజమండ్రిలో ఉండే ఒక రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగి. పాత భూమి రికార్డులు చదివి, వాటిలోంచి కుటుంబాల తరాలు వెతికిపెడతారు. మా చుట్టాల్లో ఇప్పటికే చాలామంది ఆయన గురించి అడుగుతున్నారు, అందుకే వివరంగా రాస్తున్నాను. పేరూ, ఫోను నంబరూ ఇలా బయట పెట్టవద్దని ఆయనే కోరారు. వయసు 76, ఒక్కరే చేసుకుంటారు, ఒకేసారి రెండు కుటుంబాల పనికి మించి ఒప్పుకోరు. మా ఊరి పేరు, ఇంటిపేరు కూడా నాన్నగారి మాట మీద రాయడం లేదు. పూర్వపు అమలాపురం తాలూకాలో ఒక ఊరు, మాది వడ్రంగుల కుటుంబం, అంత వరకు చాలు.

ముందు డబ్బులు పోయిన సంగతి చెప్పాలి. ఆయన గురించి తెలియక మునుపు ఆన్‌లైన్‌లో ఒక కంపెనీకి 4,999 రూపాయలు కట్టాను. "మీ పూర్వీకుల చరిత్ర 15 రోజుల్లో" అన్నారు. వచ్చింది 40 పేజీల పీడీఎఫ్. మాది సానగ గోత్రం కాబట్టి ఆ ఋషి గురించి, విశ్వకర్మ ఐదు ముఖాల గురించి, రంగుల బొమ్మలు. చివర్లో వంశవృక్షం అని ఉన్నవి నేను ఫారంలో నింపిన పేర్లే. మా వదిన పుట్టింటివాళ్ళు అంతకుముందే అక్కడ తీసుకున్నారని తర్వాత తెలిసింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గోత్రం, ఇంటిపేరు ఉన్న చోట్ల తప్ప అక్షరం తేడా లేదు. చాలా బాధేసింది. డబ్బు కన్నా, నాన్నగారు ఆ 15 రోజులూ రోజుకి రెండుసార్లు "వచ్చిందా" అని అడిగినందుకు.

రాజమండ్రి పెద్దాయన ఇంటికి మొదటిసారి వెళ్ళినప్పుడు డబ్బు మాటే రాలేదు. "ఆయ్, కూర్చోండమ్మా, మీ ఇంట్లో తద్దినానికి చెప్పే పేర్లు ముందు చెప్పండి" అన్నారు. నాన్నగారు రాసిచ్చిన కాగితం చూపించాను. మగవాళ్ళవి మూడు, ఆడవాళ్ళవి మూడు. తర్వాత ఇంట్లో ఉన్న పాత కాగితాలన్నీ చూపించమన్నారు. ఒక పట్టా, నాలుగు పన్ను రసీదులు, మా తాతమ్మకి పుట్టింటివాళ్ళు రాసిన పసుపు కుంకుమ దస్తావేజు తీసుకెళ్ళాను. చివరికి, "పెద్దవాళ్ళు చెప్పుకునే కథ ఏదన్నా ఉందా? ఎక్కడి నుంచో వచ్చామనో, ఎందుకొచ్చామనో?" అని అడిగారు. ఉంది. మా నాయనమ్మ ఎప్పుడూ అనేది, "మనం నందనలో కృష్ణ దాటి వచ్చినవాళ్ళం" అని.

పుట్టిన తేదీలు పట్టుకుని వెనక్కి వెళ్ళొచ్చని నేను అనుకునేదాన్ని. కుదరదు. ఇప్పుడున్న జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969లో వచ్చింది, అమలు 1970 నుంచి. మద్రాసు రాష్ట్రంలో దానికి ముందు 1899 చట్టం ఒకటి ఉండేది కానీ, మా ఊళ్ళో రాసిన ఆ పాత పుస్తకాలు వరదలకి, చెదలకి పోయాయి. మా నాన్నగారి పుట్టినరోజు సర్టిఫికెట్‌లో జూలై 1. అసలు పుట్టింది కార్తీక మాసంలో. బడిలో వేసేటప్పుడు మాస్టారు వేసిన తేదీ అది. మా నాన్నగారి సంగతే ఇలా ఉంటే, ఆయన ముత్తాత సంగతి ఎవరు రాసి ఉంటారు?

"సర్కారు మనిషి పుట్టినప్పుడు రాయలేదమ్మా, భూమి మీద ఎవరున్నారో మాత్రం వదలకుండా రాసింది" అన్నారాయన. పని మొత్తం ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది.

భూమి రికార్డుల ప్రభుత్వ వెబ్‌సైటులో ఇప్పుడు కనబడే పేర్ల నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్తారు. ముందు అడంగళ్ళు, అంటే ఏ చేను ఎవరు సాగు చేస్తున్నారో రాసే ఊరి లెక్కలు, వాటి వెనక శిస్తు మళ్ళీ నిర్ణయించినప్పటి రీసెట్టిల్‌మెంట్ రిజిస్టరు, ఆ వెనక డైగ్లాట్ అనే పాత భూమి రిజిస్టరు. ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉంటాయి కాబట్టి దాన్ని డైగ్లాట్ అంటారు. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా సర్వే నంబరు మారుతుంది. పాత నంబరుకీ కొత్త నంబరుకీ పొంతన కుదర్చడమే సగం పని. జమీందారీ ఊళ్ళకి ఈ వరస పనికిరాదట. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెట్టిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ దగ్గర మొదలుపెట్టాలి, దానికి వెనక ఏముందన్నది ఆ జమీందారు కాగితాలు ఎంత మిగిలాయన్న దాని మీద ఉంటుంది. మా ఊరు అలాంటిది కాకపోవడం మా అదృష్టం.

మాకు అసలు తలుపు తెరిచింది ఇనాం ఫెయిర్ రిజిస్టరు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసి, ఇనాములు, అంటే శిస్తు లేని, తక్కువ శిస్తున్న భూములన్నిటి మీదా ఊరూరా విచారణ చేయించింది. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఎందుకిచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, వాళ్ళ వయసెంత, మొదటివాళ్ళకి ఏమవుతారు, అన్నీ గళ్ళు గీసి రాశారు. ఇనాములంటే గుళ్ళకీ బ్రాహ్మలకీ ఇచ్చినవే అనుకునేదాన్ని. ఊరికి పని చేసిపెట్టే వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి, వీళ్ళందరికీ మాన్యాలు, అంటే ఇలాంటి ఇనాం భూములు ఉండేవి. నాగళ్ళు, కాడి, బండి చక్రాలు చేసి, విరిగితే బాగుచేసి, దానికి బదులుగా ఊరివాళ్ళు కళ్ళంలో కొలిచి ఇచ్చే ధాన్యం (దాన్ని మేర అంటారు), ఈ కొంచెం మాన్యం తీసుకునేవారు. మా ఇంట్లో "వడ్రంగి మాన్యం" అన్న మాట నా చిన్నప్పుడు రోజూ వినబడేది. అది ఒక చేను పేరనే అనుకున్నాను. ఆ మాట వినగానే పెద్దాయన కుర్చీలో ముందుకి జరిగారు.

రిజిస్టరు చూసిన రోజు నేను కూడా వెళ్ళాను. ఏ ఆఫీసన్నది చెప్పను, నకలు కోసం నాలుగుసార్లు తిప్పారు కాబట్టి. పుస్తకం బల్ల మీద పరిచాక పెద్దాయన ముందు చేతులు కడుక్కుని వచ్చారు, తుడుచుకుని, బాగా ఆరాక అప్పుడు ముట్టుకున్నారు. పుట అంచులు ఎండిన తమలపాకులా ఉన్నాయి. రాత అంతా ఇంగ్లీషు, వాలుగా, ఒత్తుగా. మా ఊరి వరస వచ్చాక ఆయన జేబులోంచి చెక్క స్కేలు తీసి ఒక అడ్డగీత కింద పెట్టి, వేలు కాగితానికి తగలకుండా గాల్లో కదుపుతూ ఒక్కో గడీ చదివారు. వడ్రంగి మాన్యం. 2 ఎకరాల 14 సెంట్లు. మొదట ఎవరు ఇచ్చారు: తెలియదు. ఇప్పుడు అనుభవిస్తున్నది: మా నాన్నగారు తద్దినంలో చెప్పే మూడో పేరు. వయసు 14.

పద్నాలుగు! నాకు గొంతు పట్టేసింది. ముత్తాత వాళ్ళ నాన్న అంటే ఎప్పుడూ తెల్లగడ్డం మనిషే కళ్ళ ముందుకొచ్చేవాడు. ఇక్కడ చూస్తే మీసం కూడా రాని పిల్లాడు. పక్క గడిలో, చనిపోయిన ఫలానా వారి కొడుకు. అదే మాకు కావలసిన నాలుగో పేరు. దాని పక్కనే, మైనరు కాబట్టి తల్లి సంరక్షణలో, తల్లి పేరు ఇది, వయసు 35. చివర్లో, పిల్లాడి తరఫున ఊరి పని చిన్నాన్న చేస్తున్నాడు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను, మా ఇంట్లో ఉండనివ్వండి. కానీ ఆ పేరు దగ్గరే ఈ పెద్దాయన పనితనం ఏమిటో నాకు తెలిసింది. ఇంగ్లీషు గుమస్తా రాసిన స్పెల్లింగు తెలుగులో రెండు రకాలుగా చదవొచ్చు. నేను వెంటనే ఒకటి ఖాయం చేసేసుకున్నాను, నాన్నగారికి ఫోన్ కూడా చేయబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "ఆగమ్మా. తప్పు పేరుతో నీళ్ళు వదిలితే ఎవరికి చేరతాయి?"

తర్వాత రెండు నెలలు ఆ ఒక్క అక్షరం కోసం తిరిగారు. ఊరి భూమి లెక్కలు రాసే కరణాల వ్యవస్థ 1984లో రద్దయినప్పుడు లెక్కలన్నీ ఆఫీసులకి చేరలేదు, కొన్ని పాత ఇళ్ళలోనే ఉండిపోయాయి. మా ఊరి పాత కరణంగారి వారసుల ఇంట్లో అటక మీద కవిలె కట్టలు, అంటే పాత లెక్కల పుస్తకాలు ఉన్నాయని కనుక్కుని, వాళ్ళని ఒప్పించి, అక్కడే కూర్చుని చదివారు. అది గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా అక్షరాలు ఒకదానికొకటి తగిలించుకుంటూ పోతారు, మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన పెదవులు కదుపుతూ పాటలా చదువుతారు, అర్థం కాని చోట మళ్ళీ మొదటి నుంచి అందుకుంటారు. దొరికింది ఎవరెవరికి ఎంత మేర కొలిచారన్న పట్టిక. ఫసలీ 1271. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం, దానికి 590 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం, అంటే 1861 జూలై నుంచి ఏడాది. కమ్మరి, కుమ్మరి, మంగలి, అందరి పక్కనా మగ పేర్లే. వడ్రంగి అన్న చోట మాత్రం ఆవిడ పేరు, శుభ్రమైన తెలుగులో. నేను ఖాయం చేసుకున్నది కాదు, రెండోది.

పని చేసింది మరిది. కళ్ళంలో ధాన్యం కొలిపించుకున్నది ఆవిడ. మూడేళ్ళ పట్టికల్లో వరసగా ఆవిడ పేరే ఉంది. నాలుగో ఏడు కొడుకు పేరు వచ్చింది. అప్పటికి బాడిస (కర్ర చెక్కే పనిముట్టు) పట్టే వయసు వచ్చి ఉంటుంది అని నేనంటే, "అది మీరనుకోండి, నేను రాయను" అన్నారు.

ఆయన గీసి ఇచ్చే వంశవృక్షం గురించి చెప్పాలి. పెద్ద చార్టు కాగితం. రికార్డులో కళ్ళతో చూసిన పేరు నీలం ఇంకుతో రాస్తారు, కింద ఏ రిజిస్టరు, ఏ పుట అన్నది. ఇంట్లో చెప్పుకునే మాట ఎంత నమ్మకమైనదైనా పెన్సిలే. తద్దినంలో చెప్పే పేర్లు కూడా ముందు పెన్సిలుతో రాసి, రికార్డులో దొరికాక దాని మీద ఇంకు దిద్దుతారు. దొరకని గడిని ఖాళీగా వదిలి, మూలలో ఏ తేదీ వరకు వెతికారో వేస్తారు. మా చార్టులో ఐదో తరం గడి ఖాళీ. నాలుగో తరం ఆయన, అంటే ఆ పద్నాలుగేళ్ళ పిల్లాడి తండ్రి, ఎందుకు పోయాడో కూడా రాయలేదు. నేను కాస్త ఒత్తిడి చేశాను, ఏదో ఒకటి ఊహించి రాయొచ్చు కదా, నాన్నగారు సంతోషిస్తారు అని. ఒప్పుకోలేదు. ఆ పూట కొంచెం నొచ్చుకున్నాను. ఇప్పుడు ఆ చార్టు మీద నాకున్న నమ్మకమంతా ఆ ఖాళీ గడి వల్లే.

మరి నందన కథ? నందన నామ సంవత్సరం అరవై ఏళ్ళకోసారి వస్తుంది. 1832, 1892, 1952. 1860ల నాటికే మావాళ్ళు ఈ ఊళ్ళో మాన్యం అనుభవిస్తున్నారు కాబట్టి 1892 కాదు. 1832లో గుంటూరు ప్రాంతంలో వచ్చిన కరువుని నందన కరువనీ, డొక్కల కరువనీ అంటారు, ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయిపోయాయి. మా నాయనమ్మ మాటకి అది సరిపోతుంది. అయినా చార్టులో అది పెన్సిలుతోనే ఉంది, కృష్ణ దాటిన కాగితం దొరకలేదు కాబట్టి. నాన్నగారు ఇంకో మాట కూడా రాయించారు. ఆయన చిన్నప్పుడు రుంజవారు ఊళ్ళోకి వచ్చి రుంజ అనే వాద్యం వాయిస్తూ విశ్వకర్మ పురాణం చెప్పేవారట, మా ఇంటివాళ్ళ పేర్లు పాడేవారట. వాళ్ళ పాటలో ఏ పేర్లుండేవో ఆయనకి గుర్తు లేదు. పెద్దాయన ఆ సంగతి కూడా పెన్సిలుతో ఒక పక్కన రాసుకున్నారు, ఆ రుంజవాళ్ళ కుటుంబం ఎక్కడుందో కనుక్కోమన్నారు.

మా వంశంలో తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ. కొత్తగా దొరికిన నాలుగో తరం పేరూ, మా ముత్తాత పేరూ ఒకటే. రికార్డులో ఆ పేరు ఎక్కడ కనబడినా ఏ మనిషో తేల్చాలి. ఇలాంటి చోట తొందరపడితే రెండు తరాలు కలిసి ఒకటైపోతాయి, మధ్యలో ఒక మనిషే మాయమైపోతాడు. మా పని ఇంత కాలం పట్టడానికి అదొక కారణం.

ఇప్పుడు ఖర్చు. రికార్డులు చూడటానికి వెళ్ళిన రోజుకి 700 రూపాయలు, బస్సు చార్జీలు, నకళ్ళ ఫీజు ఎంతైతే అంత, రసీదులతో సహా చూపిస్తారు. అడ్వాన్సు తీసుకోరు. మాకు 11 రోజుల పని, అన్నీ కలిపి 10,340 అయింది. ఏమీ దొరకకపోయినా వెళ్ళిన రోజుల డబ్బు ఇవ్వాల్సిందే, అది ముందే చెప్తారు.

ఇబ్బందులు లేకపోలేదు. వైశాఖానికి ఇస్తానన్నది భాద్రపదానికి ఇచ్చారు. మధ్యలో ఆయనకి కంటి ఆపరేషన్ అయింది, కానీ ఆ సంగతి మాకు ఒక ఫోన్ చేసి చెప్పి ఉంటే టెన్షన్ పడేవాళ్ళం కాదు. ఫోను పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది దాకానే తీస్తారు. వాట్సాప్ లేదు. అక్షరాలు మరీ చిన్నవి, నాన్నగారికి భూతద్దం లేకుండా కనబడలేదు. చార్టు ఒకటే కాపీ, స్కానింగు మనమే చేయించుకోవాలి. అమ్మ వైపు వంశం వేరే పని కింద లెక్క.

తెలంగాణ ఊళ్ళ పని ఆయన తీసుకోరు. అక్కడి రికార్డుల వరస వేరు, 1954-55లో ఏ భూమి ఎవరి కింద ఉందో రాసిన ఖాస్రా పహాణీ, దాని వెనక సేత్వార్ అనే నిజాం నాటి సర్వే రిజిస్టరు, ఇంకా వెనక్కి పోతే ఉర్దూ, పారసీ చదవగలిగినవాళ్ళు కావాలి. నాకు రాని భాషలో వేలు పెట్టను అని చెప్పేస్తారు. భూమి లేని కుటుంబాలైతే మొదటి రోజే ఉన్న మాట చెప్తారు, ఈ దారిలో దొరికే అవకాశం తక్కువని. కూలి చేసుకుని బతికినవాళ్ళు ఈ పుస్తకాల్లో కనబడరు. అది చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గిపోతుంది.

ఒకసారి నేను వెళ్ళేసరికి దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఒకాయన కూర్చుని ఉన్నారు. తెలుగు నాలుగైదు ముక్కలు వచ్చు. ఆయన ముత్తాత మద్రాసులో ఓడెక్కి నేటాల్ చెరుకుతోటలకి వెళ్ళారట. 1860 నుంచి 1911 దాకా అలా తీసుకెళ్ళిన కూలీల పట్టికల్లో తండ్రి పేరు, వయసు, ఊరు, తాలూకా, ఒంటి మీది మచ్చ కూడా రాశారు. మన ఊళ్ళలో ఉండిపోయిన కూలీ గురించి ఎవరూ రాయనిది, ఓడెక్కినవాడి గురించి రాశారు. ఆ పట్టికలో ఊరి పేరు ఇంగ్లీషులో తప్పుగా పడి ఏ ఊరో తెలియకుండా ఉంది. పెద్దాయన దాన్ని నాలుగు రకాలుగా పలికి చూసి, పాత తాలూకా ఊళ్ళ జాబితా ముందు పెట్టుకున్నారు. ఆ పని ఏమైందో ఇంకా కనుక్కోలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళు ఉత్త చేతులతో వెళ్ళకండి. తద్దినం పేర్లు, ఆడవాళ్ళవి కూడా, రాసుకోండి. పాత రసీదులు, జాతకాలు, చిరిగినవైనా సరే తీసుకెళ్ళండి. పసుపు కుంకుమ దస్తావేజులు ముఖ్యంగా. భూమి కాగితాల్లో ఆడవాళ్ళు కనబడే చోట్లు చాలా తక్కువ, అది ఒకటి. మా తాతమ్మ పుట్టిల్లు ఏ ఊరో, వాళ్ళ నాన్న ఎవరో మాకు తెలిసింది ఆ ఒక్క దస్తావేజు వల్లే. అన్నిటికన్నా ముందు, ఇంట్లో 80 దాటినవాళ్ళుంటే ఇవాళే పక్కన కూర్చుని అడగండి.

నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర. ఆ అర ఆలస్యానికి, కబురు చెప్పకపోవడానికి.

చార్టు వచ్చిన రోజు నాన్నగారు భూతద్దం పెట్టుకుని ఆవిడ గడి దగ్గర చాలాసేపు ఉన్నారు. పేరు మెల్లగా రెండుసార్లు పలికారు. "పద్నాలుగేళ్ళ పిల్లాడిని పెట్టుకుని..." అని ఆపేశారు. పోయిన మహాలయ అమావాస్యకి పురోహితుడిగారిని ముందే అడిగి, మూడు తరాల తర్వాత ఆ ఇద్దరి పేర్లూ కలిపి తర్పణం వదిలారు. నవంబరులో పుట్టిన మా అన్నయ్య మనవరాలికి ఆవిడ పేరే పెట్టారు, కొంచెం కుదించి.

అమ్మ వైపు పని ఈ ఉగాది తర్వాత మొదలుపెడదామన్నారు పెద్దాయన. అమ్మమ్మగారి ఊళ్ళో రెండు పాత శిస్తు రసీదులు, అంచు కాలిన ఒక తాటాకు జాతకం దొరికాయి. కవరులో పెట్టి ఉంచాను.